మెడలో యాంటీబాడీ: రోగనిరోధక అణువుల నగల్లో ఏది ఎవరికి నప్పుతుంది?

మా బ్లడ్ బ్యాంకులో ఒక పెద్దావిడ రిటైరవుతుంటే అందరం చందాలు వేసుకుని ఏదైనా నగ ఇద్దామనుకున్నాం. కుంకుమ భరిణె, వెండి కుందులు అంటూ మామూలు మాటలన్నీ అయ్యాక, కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్లో ఒక లాకెట్టు చూపించాడు. పంగలకర్ర ఆకారం, బంగారు రంగు. "యాంటీబాడీ మేడమ్!" అన్నాడు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవుల్ని, పరాయి కణాల్ని పట్టుకునే ప్రోటీన్ అన్నమాట. ముప్పై ఏళ్లు యాంటీబాడీలతోనే గడిపిన మనిషికి ఇంతకంటే ఏం కావాలని అప్పటికప్పుడు ఆర్డర్ పెట్టేశాం. ఆవిడ మురిసిపోయి రోజూ వేసుకుంది. నెల తిరక్కుండానే మెడ దగ్గర ఎర్రగా కందిపోయి, చిన్న చిన్న పొక్కులు లేచి, ఒకటే దురద. చర్మం డాక్టరు చూసి నికెల్ పడలేదన్నారు.

తర్వాత ఆలోచిస్తే మేం చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. లోహం ఏమిటో అడగలేదు. అణువు కూడా ఆవిడది కాదు. ఆవిడ జీవితమంతా చేసింది బ్లడ్ గ్రూపింగ్. ఆ పరీక్షలో ఎర్ర కణాల్ని గుత్తులు కట్టించేవి ఐజీఎం రకం యాంటీబాడీలు. మేం ఇచ్చిన పంగలకర్ర ఐజీజీ అనే ఇంకో రకం. వంటమనిషికి గరిటె ఇవ్వబోయి కత్తెర ఇచ్చినట్టయింది.

ఆ తర్వాత ఇలాంటి నగలు నాకోసం, స్నేహితుల పిల్లల కోసం కొన్ని కొన్నాను, కొన్ని చేయించాను. "ఏది తీసుకోమంటావు?" అని ఇప్పుడు చాలామంది నన్నే అడుగుతున్నారు. నా సమాధానం ఎప్పుడూ ఒకటే. ముందు ఆ మనిషి కథకు ఏ అణువు సరిపోతుందో చూడండి, ఆ తర్వాత దాని ఆకారం లోహంలోకి దిగుతుందా అని, చివరిగా ఆ లోహం ఆ చర్మానికి పడుతుందా అని. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ముందు ధర చూస్తారు.

పంగలకర్ర, దాని చుట్టాలు

యాంటీబాడీ బొమ్మకు చరిత్ర పెద్దదే. పాల్ ఎర్లిక్ 1900లో కణం మీద తాళం కప్పల్లాంటి గ్రాహకాలు, వాటికి సరిపడే తాళం చెవుల్లాంటి విషాలు గీసి చూపించాడు. అప్పటికి యాంటీబాడీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు గంధకపు బంధాలతో కలిసి ఉంటాయని తేల్చినందుకు జెరాల్డ్ ఎడెల్మన్, రోడ్నీ పోర్టర్‌లకు 1972లో నోబెల్ వచ్చింది. ఇవాళ మనం లాకెట్టుగా వేసుకునే ఆకారానికి మూలం ఆ పనే. దీన్ని కళగా మలిచినవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలోని జూపిటర్ ఊళ్లో, స్క్రిప్స్ పరిశోధన సంస్థ ఆవరణలో జూలియన్ వాస్-ఆండ్రే 2008లో నిలబెట్టిన ఉక్కు శిల్పం యాంటీబాడీయే. వలయం మధ్య చేతులు చాచిన మనిషిలా కనిపిస్తుంది.

ఐజీజీ లాకెట్టుకు ఉన్న పెద్ద సుగుణం, చేయడం తేలిక. రెండు పొడవాటి తీగలు వంచి, పక్కన రెండు పొట్టి తీగలు పెట్టి, బంధాలున్న చోట చిన్న పూసలు అతికితే చాలు. కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కాబట్టి మెడలో వంకర తిరగదు. ల్యాబులో పనిచేసేవాళ్లు చూడగానే గుర్తుపడతారు. బయటివాళ్లు మాత్రం గుర్తుపట్టరు. అది ఇంగ్లీషు అక్షరం వై అనుకుని "మీవారి పేరు యాదగిరా?" అని నన్నే ఒకావిడ బస్సులో అడిగింది. ఈ ప్రశ్న తప్పించుకోవాలంటే నాలుగు గొలుసులూ విడివిడిగా కనిపించే డిజైన్ తీసుకోండి. ఒకే రేకు కత్తిరించి చేసినది అక్షరంలాగే ఉంటుంది.

ఐజీజీ మాయను దాటి తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరుతుంది. అందుకని సీమంతానికి ఇవ్వడానికి దీన్ని మించింది లేదు. బిడ్డ పుట్టాక ఇచ్చేటట్టయితే నా ఓటు ఐజీఏ అనే రకానికి. తల్లిపాలల్లో, ముఖ్యంగా ముర్రుపాలల్లో ఎక్కువగా ఉండేది అదే. రెండు పంగలకర్రలు తోకకు తోక కలిపి అడ్డంగా పడుకున్నట్టుంటుంది. ఈ ఆకారం నిలువు లాకెట్టుకంటే అడ్డంగా రెండు వైపులా గొలుసు తగిలించే పతకంగా బాగుంటుంది, చీర పిన్నుగా ఇంకా బాగుంటుంది. (ఆవు జున్నుపాలల్లో మాత్రం ప్రధానంగా ఐజీజీ ఉంటుంది. దూడకు మాయ ద్వారా యాంటీబాడీలు అందవు కాబట్టి అన్నీ ఆ పాలల్లోనే రావాలి. మనం దాన్ని బెల్లం, మిరియాలు వేసి ఉడికించి జున్ను చేసుకుని తినేస్తాం.)

ఇక ఐజీఎం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఐదు పంగలకర్రలు తోకలు లోపలికి, చేతులు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడితే ఐజీఎం. పది చేతులు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఐదు రేకుల నక్షత్రంలా, అచ్చం నందివర్ధనం పువ్వులా గీస్తారు. కొత్తగా ఏ సూక్ష్మజీవి వచ్చినా మన రక్తంలో ముందుగా పెరిగేది ఇదే. ఏ, బీ రక్త గ్రూపుల తేడా బయటపడింది కూడా ఎక్కువగా దీనివల్లే. 1900 ప్రాంతంలో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన తోటివాళ్ల రక్తాలు కలిపి చూస్తే కొన్ని గుత్తులు కట్టాయి, కొన్ని కట్టలేదు. ఆ గుత్తులు కట్టించిన యాంటీబాడీల్లో ప్రధానమైనది ఐజీఎం. 1930లో ఆయనకు నోబెల్ వచ్చింది. తరచూ రక్తదానం చేసేవాళ్లకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, బ్లడ్ బ్యాంకు డాక్టర్లకు నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను. ఐజీజీ యాంటీబాడీలు చాలావరకు ఎర్ర కణాల్ని తమంతట తాము అతికించలేవు, వాటిని పట్టుకోవడానికి 1945లో కూంబ్స్ పరీక్ష రావలసి వచ్చింది. ఆ పరీక్ష చేసే బెంచీ దగ్గర కూర్చునేవాళ్లకైతే ఐజీజీ కూడా సరే.

ఐజీఎం కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అచ్చమైన ఐదు మూలల నక్షత్రం పాతకాలపు బొమ్మ. 2018లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గమనించి చెప్పిందేమిటంటే, ఐజీఎం ఆరు రేకులు పట్టే పువ్వు, అందులో ఒక రేకు రాలిపోయి ఖాళీ ఉన్నట్టుంటుంది. ఆ ఖాళీలో జె చైన్ అనే చిన్న ప్రోటీన్ కూర్చుంటుంది. అమ్మకానికి దొరికేవన్నీ దాదాపు నక్షత్రాలే. తప్పని పక్కన పెట్టక్కర్లేదు గానీ, చేయించుకుంటే మాత్రం ఆ ఖాళీతోనే చేయించుకోండి. అందులోనే అందముంది.

ఐజీఈ గురించి రెండు మాటలు చాలు. ఎలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ అది. బొమ్మలో ఐజీజీకీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. ఉబ్బసం ఉన్న స్నేహితురాలికి సరదాగా ఇద్దామనుకుంటే ఆగండి, ఆ సరదా మీకే.

దాదాపు నగలుగానే పుట్టిన అణువులు

యాంటీబాడీ తప్ప ఇంకేమీ తెలియనివాళ్లు కాంప్లిమెంట్ ప్రోటీన్ల వైపు ఒకసారి చూడాలి. రక్తంలో ఉండి, సూక్ష్మజీవుల్ని మట్టుపెట్టడంలో యాంటీబాడీలకు తోడుపడేవి ఇవి. సి1క్యూ అనే అణువును జీవశాస్త్రవేత్తలు ట్యూలిప్ పూల గుత్తితో పోలుస్తారు. కింద ఒకే కాడగా కలిసిన తీగలు, పైకొచ్చాక ఆరుగా విడిపోయి, ఒక్కొక్క దాని చివర గుండ్రటి తల. మొత్తం 18 గొలుసులు. దాన్ని తలకిందులు చేసి చూడండి, మన బుట్టకమ్మ! కాడ చెవికి తగులుతుంది, ఆరు తలలు కింద ముత్యాల్లా ఊగుతాయి. కంసాలికి ఏమీ వివరించనక్కర్లేదు. ఆరు వెండి తీగలు, ఆరు ముత్యాలు అంటే చాలు. శాస్త్రం తెలియని అత్తగారు కూడా "ఎక్కడ చేయించావమ్మా" అని అడిగే నగ ఈ జాబితాలో ఇదొక్కటే.

ఉంగరానికైతే మెంబ్రేన్ అటాక్ కాంప్లెక్స్ ఉంది. పేరు భయపెట్టేలా ఉన్నా పని సూటిగా ఉంటుంది. కాంప్లిమెంట్ ప్రోటీన్లు వరసగా వచ్చి చేరి, చివర్లో సి9 అనే ప్రోటీన్ 18 కాపీలు గుండ్రంగా నిలబడి, బ్యాక్టీరియా పొర మీద రంధ్రం వేస్తాయి. పైనుంచి చూస్తే నిలువు పలకలు పేర్చిన గాజులా ఉంటుంది. ఆ వలయం కూడా పూర్తిగా గుండ్రం కాదు, మొదలూ చివరా కలిసే చోట చిన్న ఎగుడుదిగుడు ఉంటుంది. ఉంగరంగా వేసుకుంటే బ్యాక్టీరియాలో రంధ్రం ఉండే చోట మీ వేలు ఉంటుంది. మగవాళ్లకు ఏమివ్వాలో తోచనప్పుడు ఇది మంచి ఎంపిక. చూడ్డానికి గీతలున్న మామూలు బ్యాండ్ ఉంగరంలా ఉంటుంది, ఆఫీసులో ఎవరూ వింతగా చూడరు. చేత్తో చేయడం మాత్రం కష్టం. క్యాడ్‌లో, అంటే కంప్యూటరు మీద, గీయించి, మైనపు అచ్చు తీసి, పోత పోయించాలి.

వైరస్‌ల మీద పనిచేసేవాళ్లకు టీఎల్ఆర్3 ఒకటి సూచిస్తాను. గుర్రపు నాడాలా వంగి ఉండే గ్రాహకం, వైరస్ తెచ్చే జంట పోగుల ఆర్ఎన్ఏను పసిగడుతుంది. పెద్దగా చేయిస్తే కంటె అవుతుంది, చిన్నగా చేయిస్తే నెలవంక లాకెట్టు. మన నగల్లో ఈ ఆకారానికి చోటు ముందే ఉంది.

చిన్న అణువుల సంగతి

ఆన్‌లైన్‌లో "మాలిక్యూల్ జ్యువెలరీ" అని వెతికితే ముందు వచ్చేవి కెఫీన్, డోపమైన్, సెరటోనిన్. వీటి మధ్య రోగనిరోధక వ్యవస్థ తరఫున నిలబడేది హిస్టమిన్. హైడ్రోజన్లు వదిలేస్తే ఎనిమిదే పరమాణువులు, ఐదు కార్బన్లు, మూడు నైట్రోజన్లు. బల్లపరుపు ఆకారం, తేలిక, ధర తక్కువ, పోత పోయడం సులువు. కాలేజీ పిల్లలకు ఇదే మొదటి నగగా బాగుంటుంది.

ఒకసారి నేను తెప్పించిన "హిస్టమిన్" చెవి దిద్దుల్లో ఆరు మూలల ఉంగరం ఉంది. అది హిస్టమిన్ కాదు. కొనేముందు ఇలా లెక్కపెట్టుకోండి. ఉంగరానికి ఐదు మూలలుండాలి. ఆ ఐదింటిలో రెండు నైట్రోజన్లు, వాటి మధ్య ఒక కార్బన్. ఉంగరంలో రెండు చోట్ల జోడు గీతలు. తోకలో రెండు కార్బన్లు, చివర మూడో నైట్రోజన్. నైట్రోజన్ల దగ్గర వేరే రంగు రాయో, కాస్త పెద్ద పూసో పెట్టిన డిజైన్ తీసుకుంటే చూసేవాళ్లకూ అర్థమవుతుంది.

హిస్టమిన్ అంటే తుమ్ములు, దద్దుర్లు అని చులకనగా చూడకండి. మెదడులో మనల్ని మెలకువగా ఉంచేదీ అదే. పాతకాలపు ఎలర్జీ మాత్ర, ఉదాహరణకు అవిల్, వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది అందుకే. రాత్రి డ్యూటీలు చేసే నర్సుకు ఈ లాకెట్టు ఇచ్చి ఈ ముక్క చెప్పాను. ఇచ్చిన లాకెట్టు కంటే ఆ ముక్కే ఆవిడకు ఎక్కువ నచ్చింది.

రిబ్బన్ బొమ్మలు: ఊరించేవి, ఉసూరుమనిపించేవి

ప్రోటీన్‌ను మెలితిరిగిన రిబ్బన్లుగా, బాణాలుగా గీసే పద్ధతిని 1981లో జేన్ రిచర్డ్‌సన్ ప్రచారంలోకి తెచ్చారు. స్క్రీన్ మీద అంత అందంగా ఇంకేదీ ఉండదు. అందుకే చాలామంది "మాకు అసలు ఆకారమే కావాలి" అని రిబ్బన్ నగలు అడుగుతారు. ఇక్కడే నేను అడ్డం పడతాను.

ప్రోటీన్ గొలుసులో ఒక్కో పూసను అమైనో ఆమ్లం అంటారు. ఐజీజీలో అవి 1,300కు పైగా ఉన్నాయి. అన్ని మలుపుల్నీ 3 సెంటీమీటర్ల లాకెట్టులో ఇరికిస్తే ఒక్కో రిబ్బన్ దారం కంటే సన్నమవుతుంది. అంత సన్నగా పోత నిలబడదు కాబట్టి తయారీదారు లావు చేస్తాడు. లావు చేస్తే రిబ్బన్లు ఒకదానికొకటి అంటుకుని చివరికి సేమ్యా ముద్ద చేతికొస్తుంది. పైగా ఆ సందుల్లో చెమట, సబ్బు, పసుపు చేరితే తీయడం బ్రహ్మతరం కాదు.

రిబ్బనే కావాలంటే చిన్న ప్రోటీన్ ఎంచుకోండి. కన్నీళ్లలో, లాలాజలంలో ఉండి బ్యాక్టీరియా గోడల్ని కోసే లైసోజైమ్ చక్కగా సరిపోతుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని 1922లో ప్రకటించాడు, పెన్సిలిన్‌కు ముందు, జలుబు చేసిన ముక్కు చీమిడిలో! కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్‌కు 129 అమైనో ఆమ్లాలే. మొట్టమొదట త్రిమితీయ ఆకారం తేలిన ఎంజైమ్ కూడా అదే, 1965లో. రోగనిరోధక కణాల మధ్య కబుర్లు మోసే ఇంటర్‌ల్యూకిన్-2 కూడా దాదాపు అంతే ఉంటుంది. నాలుగు మెలికల స్తంభాలు కట్టగట్టినట్టు, లాకెట్టులో స్పష్టంగా కనిపిస్తుంది. కిడ్నీ క్యాన్సర్ చికిత్సకు అమెరికాలో 1992లో అనుమతి పొందిన అణువు కాబట్టి, ఆ రంగంలో ఉన్న డాక్టర్లకు దాని విలువ తెలుస్తుంది.

రిబ్బన్ నగల్లో ఇంకో మెలిక ఉంది, నిజంగానే మెలిక. ప్రోటీన్లలో ఆల్ఫా హెలిక్స్ అనే స్ప్రింగు లాంటి మెలిక కుడివైపు తిరుగుతుంది. మామూలు మరమేకును పక్కన పెట్టి చూడండి, రెండింటి మెలిక ఒకే దిక్కుకు పోవాలి. ఎదురు దిక్కుకు పోతే అది అద్దంలో బొమ్మ. మీ ఒంట్లో ఆ ప్రోటీన్ లేదు. ఫొటోను తిప్పి వేసినా, అచ్చు తిరగేసినా ఈ పొరపాటు జరుగుతుంది. చెవి కమ్మల్లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే కుడి ఎడమలు ఎదురెదురుగా ఉండేలా చేయడం కంసాలి పనిలో అలవాటు. హంసల కమ్మలు చేస్తే రెండు హంసలూ ముఖం వైపే చూడాలి కదా. ప్రోటీన్‌కు అది పనికిరాదు, రెండు చెవులకీ ఒకే వైపు తిరిగిన నగ కావాలి. అందుకే కమ్మలకు సి1క్యూ, ఐజీజీ, హిస్టమిన్ లాంటివే మేలని చెబుతాను. గీత బొమ్మగా చేస్తే వాటిని అద్దంలో చూపించినా తప్పు కనబడదు.

లోహం దగ్గర తొందరపడకండి

నికెల్ దద్దు విచిత్రమైన విషయం. అది రోగనిరోధక వ్యవస్థ పనే, టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు చేసేది. మనిషి టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి నికెల్ నేరుగా అతుక్కుని దాన్ని రెచ్చగొడుతుందని 2010లో ఒక పరిశోధన చూపించింది. ఎలుకల టీఎల్ఆర్4లో నికెల్ అతుక్కునే ఆ చోటు లేదు, అందుకే వాటికి ఈ బెడద తక్కువ. అంటే మా పెద్దావిడ మెడ మీద యాంటీబాడీ బొమ్మ వేలాడుతుంటే, దాని కింద చర్మంలో అసలు రోగనిరోధక అణువులు తమ పని తాము చేసుకుపోయాయన్నమాట.

రోజూ వేసుకునే నగకు నా వరస ఇది. మొదట టైటానియం, లేకపోతే 18 క్యారెట్ల పసుపు బంగారం, ఆ తర్వాత 925 వెండి. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది మామూలుగా రాగి. గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. అణువుల నగలకు ఆ నలుపు ఒక రకంగా మంచిదే, గుంటల్లో నిలిచి గీతలు స్పష్టమవుతాయి. తెల్ల బంగారం తీసుకుంటే నికెల్ కలిపారా, పల్లాడియం కలిపారా అని అడగండి. 316ఎల్ రకం స్టీలులో నికెల్ ఉన్నా బయటికి వదిలేది బాగా తక్కువ. చాలామందికి పడుతుంది, ఇప్పటికే నికెల్ పడదని తెలిసినవాళ్లు మాత్రం వదిలేయడమే మంచిది.

జర్మన్ సిల్వర్‌తో జాగ్రత్త. పేరులో వెండి ఉంది, లోపల చుక్క వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. పూజ పళ్లేనికి బాగుంటుంది, మెడకు కాదు. ఇత్తడి మీద బంగారు పూత వేసిన గిల్టు నగలు, చిలకలపూడి రకం నగలు పండగకో పెళ్లికో వేసుకుని తీసి పెట్టుకోవడానికి చవకైన దారి. ల్యాబులో రోజూ శానిటైజరు పూసుకునే చేతికి పూత ఉంగరం మాత్రం వద్దు, పూత పోయాక కింద ఏముందో అదే చర్మానికి తగులుతుంది.

బయటి దేశాల నుంచి తెప్పించుకుంటే "నికెల్ ఫ్రీ" అనే మాట కంటే యూరోపియన్ యూనియన్ పరిమితికి లోబడి ఉందా అని అడగడం నయం. చర్మానికి ఆనుకునే నగ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ వదలకూడదని అక్కడి నియమం. చెవి కుట్టిన రంధ్రంలో పెట్టేవాటికి 0.2. అనుమానముంటే డైమిథైల్ గ్లైఆక్సైమ్ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. దూదికి మందు అద్ది నగ మీద రుద్దితే, నికెల్ ఉంటే గులాబీ రంగు వస్తుంది. కొక్కేన్ని కూడా రుద్ది చూడండి. లాకెట్టు వెండిదై, కొక్కెం వేరే లోహానిదైన సందర్భాలు నాకు రెండు తగిలాయి.

రెడీమేడా, చేయించుకోవడమా?

ఐజీజీ, హిస్టమిన్ అయితే రెడీమేడ్ చాలు. మిగతావి చేయించుకోవడమే మేలు, అదేమంత కష్టం కాదు. 1971 నుంచి నడుస్తున్న ప్రోటీన్ డేటా బ్యాంకు అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఈ అణువుల్లో చాలావాటి ఆకారాలు ఉచితంగా దొరుకుతాయి. కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, త్రీడీ ప్రింటుకు పనికొచ్చే ఫైలుగా మార్చుకోవచ్చు. చదువు కోసం వాడుకునేవాళ్లకు అదీ ఉచితమే. ఇంట్లో బయోటెక్నాలజీ చదివే పిల్లలుంటే ఒక సాయంత్రం పని. ఆ ఫైలును క్యాడ్, కాస్టింగ్ చేసేవాళ్లకు ఇస్తే మైనపు నమూనా చూపిస్తారు. ఆ నమూనాను చేత్తో పట్టుకుని చూడకుండా లోహంలోకి దించమనకండి. స్క్రీన్ మీద అరచేయంత కనిపించింది చేతిలో బఠాణీ గింజంత ఉండొచ్చు.

తీగ పని కావాలంటే కరీంనగర్ వైపు చూడండి. అక్కడి వెండి ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు ఉంది. వెంట్రుకంత సన్నటి వెండి తీగల్ని మెలివేసి చుట్టలు పెట్టే ఆ పనికి సి1క్యూ, ఐజీఎం లాంటివి చేత్తో గీసిన బొమ్మ ఇచ్చినా సరిపోతుంది. పోత నగలో రాని తేలికదనం వాటిలో ఉంటుంది. బ్యాగులో పడేసుకుంటే మాత్రం వంగిపోతుంది.

బంగారంలో చేయిస్తే బరువు లెక్క ముందే వేసుకోండి. ఒకే అచ్చు వెండిలో 4 గ్రాములు తూగితే 18 క్యారెట్ల బంగారంలో 6 గ్రాములు, 22 క్యారెట్లలో దాదాపు 7 గ్రాములు తూగుతుంది. "చిన్నదే కదా" అని వెళ్లినవాళ్లు బిల్లు చూసి కంగారుపడేది ఇక్కడే. ఆపైన తరుగు, మజూరీ. ఇలాంటి అలవాటు లేని డిజైన్‌కు మజూరీ ఎక్కువే అడుగుతారు, అది న్యాయమే. తరుగు మాత్రం పోత నగకు ఎందుకంత అని గట్టిగా అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉండి తీరాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. హిస్టమిన్ దిద్దులు ఆ లోపే ఉంటాయి. అలాంటప్పుడు స్వచ్ఛతను బిల్లు మీద రాయించుకోండి.

ఇవ్వకముందు ఒక్క మాట

ఇది తాయెత్తు కాదని చెప్పడం నాకే నవ్వొస్తుంది. కానీ "ఇమ్యూనిటీ పెంచే లాకెట్టు" అని అమ్మేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. ఆ మాట రాసిన చోట కొనకండి. ఆకారమైనా సరిగ్గా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

లూపస్, కీళ్లవాతం లాంటివి ఉన్నవాళ్లకు యాంటీబాడీ లాకెట్టు ఇచ్చేముందు ఆలోచించండి. వాళ్ల ఒంటి మీదికి వచ్చినవి సొంత యాంటీబాడీలే. కొందరు నవ్వుతూ వేసుకుంటారు, కొందరికి మనసు చివుక్కుమంటుంది. కీళ్లవాతం ఉన్న మా పిన్ని కూతురికి నేను మెథోట్రెక్సేట్ అణువు చేయించాను. అది రోగనిరోధక అణువు కాదు, ఆ వ్యవస్థను అదుపులో పెట్టే మందు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు నడిపిన కాలంలో, ఆయన బృందం చేతుల్లో రూపుదిద్దుకున్న మందు అది. వారానికోసారి ఆ మాత్ర వేసుకునే పిల్ల, ఇప్పుడు మాత్ర వేసుకునే రోజున ఆ లాకెట్టు కూడా వేసుకుంటుంది.

మా పెద్దావిడ సంగతికొస్తే, ఆ పంగలకర్రను వెనక్కి తీసుకుని 925 వెండిలో ఐజీఎం చేయించాం. బొమ్మ నేనే గీసి ఇచ్చాను, ఐదు రేకులు, ఆరో చోట ఖాళీ. "ఈ ఖాళీ పొరపాటు కాదు, అలాగే ఉండాలి" అని రాసి కూడా ఇచ్చాను. వారం తర్వాత వెళితే కంసాలి సంతోషంగా చేతిలో పెట్టాడు, ఆరు రేకుల పువ్వు. "ఒకటి తగ్గింది కదమ్మా, పూర్తి చేసేశాను, దానికి మజూరీ తీసుకోలేదులే" అన్నాడు. కోపం వచ్చింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, జె చైన్ అందనప్పుడు ఐజీఎం ఆరు రేకులతోనే తయారవుతుంది. ఆవిడకు చెబితే పడీ పడీ నవ్వి, అలాగే ఉంచమంది.